మైనస్ ఇరవై మూడు సెకండ్ల ఎద్దు

ఆ టీ గ్లాసు ఆడ పెట్టు పద్మా, ముందు నా గోడు విను. మీరందరూ కూడా ఇట్ల దగ్గరికి జరగండి. మొన్న ఆదివారం మా అత్తగారి ఊర్లో ఎద్దులు విడిచే పండగ అయింది కదా, దాంట్లో ఏం జరిగిందో ఇంకొకరు వచ్చి మీకు సగం సగం చెప్పేలోపల నేనే మొత్తం చెప్పేస్తాను. విడవక ముందే గీత దాటేసిన ఎద్దు ఒకటి ఉండాదంట ఈ లోకంలో. దానికి మొదటి బహుమానం అని మైకులో చెప్పేసినారు కూడా. ఆ ఎద్దు మా అన్నది. టైము చూసిన మిషను నాది. ఇప్పుడు తెలిసిందా నా మొగం ఎందుకిట్లుందో?

నవ్వద్దండి! నాకు ఒళ్లు మండతా ఉంది.

మొదట్నించి చెప్తాను. మా అత్తగారిది ఉద్దనపల్లి పక్కన చిన్న ఊరు. నా పుట్టిల్లు అత్తిముగం. రెండిళ్లలోనూ సేద్యమే. రెండిళ్లలోనూ పరుగుకి విడిచే ఎద్దులుండాయి. పద్మా, నువ్వు నెల్లూరి దానివి, నీకు ఈ పండగ తెలీదేమో. వీధికి రెండు పక్కలా వెదుర్లతో కంచె కడతారు. ఒక్కో ఎద్దుకీ పసుపూ కుంకుమా పెట్టి, కొమ్ములకి రిబ్బన్లు కట్టి, ఈ కొసలో విడుస్తారు. ఆ కొసలో గీత దాటాల. ఎవురిది బిరీన దాటితే వాళ్లు గెలిచినట్ల. మంచి ఎద్దుకి ఎనిమిది సెకండ్లు, తొమ్మిది సెకండ్లు, అంతే. అందుకని సెకండులో నూరో వంతు కాడ కూడా కొట్లాటలు.

ఇన్నేండ్లూ టైము చూసింది నంజప్ప తాత. ఆయన కాడ ఒక పాత స్టాప్ క్లాకు ఉంది, మెడలో దారం కట్టి తగిలించుకుంటాడు. ప్రతి సంవత్సరం ఓడినోళ్లు ఆయన మీద పడతారు. "తాతా, నీ బొటనవేలు ముసలిదైపోయింది, ఆలస్యంగా నొక్కినావు" అని. పోయిన సంవత్సరం మా మామ ఎద్దు కరియ ఒక్క పిసరులో రెండో స్థానానికి పోయింది. అప్పట్నించి మా ఇంట్లో సంగటి ముద్ద చల్లగా ఉన్నా, కూరలో ఉప్పు తక్కువైనా, మా మామ చివరికి నంజప్ప తాత బొటనవేలు కాడికే వచ్చేది. ఒక సంవత్సరం పాటు ఆ బొటనవేలు పురాణం విన్నానమ్మా నేను!

ఒకరోజు ఓపిక అయిపోయి అనేసినాను. "మామా, వచ్చే పండక్కి నేను చేస్తాను మిషను. మనిషి వేలే అవసరం లేదు. ఎద్దు దాటినప్పుడు అదే చూసుకుంటాది."

"తప్పు చెప్పదు కదామ్మా?"

"మిషను తప్పు చెప్పదు మామా."

ఈ మాట బాగా గుర్తు పెట్టుకోండి. మా మామ ఆ సాయంత్రమే ఊరంతా తిరిగి చెప్పేసినాడు. మా కోడలు హోసూరు ఫ్యాక్టరీలో టెస్ట్ ఇంజినీరు, ఈసారి టైము మా కోడలే చూస్తాది, అని. పంచాయతీలో తలెత్తి చెప్పినాడంట. నాకు భయం వేయలేదు. గర్వం వచ్చింది. అదే నా మొదటి తప్పు.

మిషనంటే ఏం పెద్ద పని కాదులే. బిస్కెట్టంత బోర్డు ఒకటి నా సొరుగులో ఉంది. దాంట్లో జావాస్క్రిప్ట్ నేరుగా నడుస్తాది. లాప్‌టాపు నుంచి ఒక వైరు తగిలించి, లైను రాస్తే, లైను చేస్తాది. వీధి ఈ కొసలో ఒక లేజరు, ఆ కొసలో ఒక లేజరు. మొదటిది అడ్డం పడితే టైము మొదలు, రెండోది అడ్డం పడితే ఆఖరు. ఒక సాయంత్రంలో అయిపోయింది. బాగా పనిచేసింది కూడా. ఆడితో ఊరకుండుంటే ఈ పొద్దు మీ ముందర ఈ ఏడుపు ఉండేది కాదు!

ఉండనిచ్చిందా నా బుద్ధి? ఏదో చదువుతా ఉంటే తెలిసింది, జావాస్క్రిప్ట్ అప్పుడప్పుడూ పని ఆపేసి లోపల చెత్త ఊడ్చుకుంటాదంట. అంటే, వాడేసిన మెమరీని శుభ్రం చేసుకుంటాది. ఆ రవ్వంత సేపట్లో ఎద్దు ముక్కు గీత దాటేస్తే?

మా టీము లీడుని అడిగినాను. ఆయన నన్ను చూసి, "ఏమ్మా, మిల్లీ సెకండుకి ఎద్దు ముక్కు ఎంత దూరం పోతాది? ఒక వేలు మందం కూడా పోదు. జావాస్క్రిప్ట్ చాలు, ఇంటికి పో" అన్నాడు.

నాకు కోపం వచ్చేసింది. ఎద్దుల సంగతి ఈయనకేం తెలుసు? ఒక పిసరు కోసం ఒక సంవత్సరం తిన్న కూడు ఒంటికి పట్టని మామ ఈయన ఇంట్లో ఉండాడా? లేదు కదా? అందుకని టైము లెక్కపెట్టే ముక్కని అసెంబ్లర్‌లో రాస్తానని కూర్చున్నాను.

అకౌంట్స్ సెక్షన్ వాళ్లకి అసెంబ్లర్ అంటే తెలీదేమో. అది చిప్పు సొంత మాట. జావాస్క్రిప్ట్‌కి మనం అటూ ఇటూ చెప్పినా అది అర్థం చేసుకుంటాది. అసెంబ్లర్ అట్ల కాదు. ఈ గడిలో ఉన్నదానికి ఒకటి కలుపు, లేజరు వైరు తగిలించిన కాలు చూడు, మారిందా, మారకపోతే వెనక్కి పో. అంతే, పలుకుపలుకూ మనమే చెప్పాల. లాప్‌టాపులో దాన్ని అంకెలుగా మార్చి, ఆ అంకెల్ని వైరులో బోర్డుకి పంపించి, మెమరీలో ఒక మూల కూర్చోబెట్టాల. తర్వాత జావాస్క్రిప్ట్ దాన్ని మామూలు ఫంక్షన్ మాదిరి పిలుస్తాది.

పది రోజులు పట్టిందమ్మా! పది రోజులు! మొదటిరోజు పిలిస్తే బోర్డు చచ్చి ఊరుకుంది. ఎందుకంటే, కోడు ఉండే చోటు నంబరుకి ఒకటి కలిపి చెప్పాలంట, కలపలేదు. రెండోరోజు కలిపినాను, మళ్లీ చచ్చింది. ఎందుకంటే, పని అయినాక "వచ్చిన చోటికి తిరిగి పో" అని చివర్లో ఒక లైను రాయాల. రాయలేదు. అది ముందుకు పోతానే ఉంది, మెమరీలో కనబడిందల్లా కోడు అనుకొని చేసుకుంటా పోయింది. మూడోరోజూ చచ్చింది, ఎందుకంటే చిప్పులో గడుల్ని మన కోడు వాడుకునేటప్పుడు, ముందు దాంట్లో ఉన్న అంకెల్ని దాచిపెట్టి, పని అయినాక మళ్లీ పెట్టాలంట. అద్దె ఇంట్లో కూడా ఇన్ని రూల్సు లేవు! మా ఆయన సంగటి గెలుకుతా, "ఎద్దులే నయం, చెప్తే వింటాయి" అన్నాడు. ఇంకొక రోజైతే తిట్టుండేదాన్ని, అయితే సంగటి ఆయన గెలుకుతా ఉండాడు కదా.

చివరికి నడిచింది. సెకండుకి ఆరు కోట్ల నలభై లక్షల టిక్కులు లెక్కపెడతాది! ఆరు కోట్ల నలభై లక్షలు! ఎద్దు ముక్కు కాదు, ముక్కు మీద ఈగ కాలు దాటినా పట్టేస్తాది. ఇంకొక సంగతి ఏమంటే, ఆ లెక్కలో దిగిందంటే అది ఎవురి మాటా వినదు. రెండో లేజరు తెగేదాకా దానికి లోకం లేదు. కీబోర్డు నొక్కినా, అరిచినా, ఏం లేదు. నాకు అదే గొప్పగా కనబడింది అప్పుడు.

టెస్టు చెయ్యలేదా అంటారా? చేసినాను! వీధిలో మా ఆయన్ని పరిగెత్తించినాను, పదిహేడు సెకండ్లు. మా ఆయన స్కూటర్ మీద పోయినాడు, తొమ్మిది. పక్కింటి కుక్కకి బన్ను చూపించి పరిగెత్తించినాను, పదకొండు. అన్నీ కరెక్టు. అయితే నిలబడుకున్నోళ్లని పెట్టి టెస్టు చెయ్యలేదు. పరుగు పందేనికి మిషను చేసి, నిలబడేదాన్ని పెట్టి టెస్టు చేస్తారా ఎవురన్నా? చెప్పండి! ఆ మాట మా లీడు ముందర మాత్రం అనొద్దండి, నా జీతమే టెస్టింగుకి ఇస్తా ఉండారు.

పండగ రోజు పొద్దున్నే నంజప్ప తాత క్లాకు మెడలో వేసుకొని, తెల్ల పంచె కట్టుకొని వచ్చినాడు. నేను పెద్ద దాని మాదిరి పోయి, "తాతా, ఈసారి మీరు హాయిగా కుర్చీలో కూర్చోండి. మిషను చూసుకుంటాది" అన్నాను. ఆయన నా బోర్డుని చూసినాడు, నన్ను చూసినాడు. "సరే తల్లీ" అని క్లాకు తీసి జేబులో వేసుకున్నాడు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తా ఉంది. అప్పుడు వేయలేదు.

రెండు కొసల లేజర్ల వైర్లూ సరిపోవాలని నా బల్ల వీధికి సరిగ్గా మధ్యలో వేసుకున్నాను, కంచెకి ఇవతల. పక్కనే ఎర్ర అంకెల బోర్డు. ఒక్కో ఎద్దు దాటగానే దాని టైము పడతాది. చివరి ఎద్దు అయినాక, పది సెకండ్లు ఆగి, మొదటి మూడు పేర్లు దానంతటదే వరసగా చూపిస్తాది. అది కూడా నేనే పెట్టినాను, గొప్పకి. తక్కువ టైము పైన, ఎక్కువ టైము కింద.

ఇరవై రెండు ఎద్దులు ఏ గొడవా లేకుండా పోయినాయి. ఒక్కరు నోరెత్తలేదు! మా కరియ వచ్చినాడు చూడండి, ఎనిమిది పాయింటు ఒకటి నాలుగు. వాడి దగ్గరికి ఇంకెవురూ రాలేదు. మా మామ మీసం మీద చెయ్యి వేసుకొని ఆ అంకెల బోర్డు ముందరే నిలబడుకున్నాడు. మా అత్త నా భుజం తట్టి, చుట్టూ ఉండే ఆడోళ్లతో "మా కోడలు చేసింది" అని చెప్తా ఉంది. పెళ్లైన నాలుగేండ్లలో మా అత్త నా భుజం తట్టింది అదే మొదలు.

ఇరవై మూడోది, చీటీలో చివర వచ్చింది, మా అన్న మునిరాజు ఎద్దు. సెవలోడు.

సెవలోడి గురించి ఒక మాట చెప్పాల. వాడు పుట్టిన వారానికే వాళ్లమ్మ చచ్చిపోయింది. నేను అప్పుడు కాలేజీ. సీసాతో పాలు పట్టి పెంచింది నేను. పెద్దయినాక, బస్సు దిగి ఇంటికి వచ్చేటప్పటికి వాకిట్లోనే నిలబడుకొని ఉండేవాడు. నా డబ్బాలో సగం రాగిరొట్టె వాడికి మిగిలించి తెచ్చేదాన్ని. నా పెళ్లప్పుడు మూడు రోజులు మేత ముట్టలేదంట. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఆదివారం మధ్యాన్నం, వీధి మధ్యలో, నా బల్ల మీద డబ్బా తెరిచి, రాగిరొట్టే చెనిక్కాయల చట్నీ పెట్టుకొని కూర్చున్నాను.

విడిచినారు. బాణం మాదిరి వచ్చినాడు! ఒకే దుమ్ము, ఒకే ఈలలు. అత్తిముగం నుంచి టెంపోలో వచ్చినోళ్లు పలకలు వాయిస్తా ఉండారు. సగం వీధి మూడు సెకండ్లు, కరియ కంటే ముందే. నా బల్ల కాడికి వచ్చి, టక్కున ఆగినాడు.

కంచె మీద నుంచి తల పెట్టి నన్ను చూసినాడు. ముక్కు ఎగబీల్చినాడు.

"పోరా! పో, పో సెవలా!" అని నేను అరిచినాను. నా గొంతు వినబడేటప్పటికి చెవులు రెండూ నిలబెట్టుకున్నాడు, ఇంకా దగ్గరికి వచ్చినాడు.

అవతల కొస నుంచి మా అన్న గొంతు చించుకుంటా ఉండాడు. "రూపా! పలకొద్దే! గమ్మునుండవే తల్లీ! వాణ్ని చూడొద్దు!"

చూడకుండా ఎట్లుండేది? నా రొట్టె వాడి నోట్లో ఉంది! మొత్తం రొట్టె. చట్నీతో. నింపాదిగా నములుతా ఉండాడు. ఊరంతా పకపకా నవ్వతా ఉంది. లెక్క ఆపేద్దామని నేను లాప్‌టాపులో కంట్రోలూ సీ నొక్కినాను. నొక్కినాను, నొక్కినాను, వేలు నొప్పి పుట్టింది. యాడ ఆగుతాది? అసెంబ్లర్! రెండో లేజరు తెగేదాకా దానికి లోకం లేదని నేనే కదా చెప్పుకున్నాను. రీసెట్ బటన్ నొక్కితే ఆగుతాది, అయితే ఇరవై రెండు ఎద్దుల టైములూ దాంతోపాటే పోతాయి. వాటిని పక్కకి దాచిపెట్టే లైను రేపు రాద్దాంలే అని వదిలేసినాను కదా!

రొట్టె అయినాక సెవలోడు నా చెయ్యి నాకినాడు. చెయ్యి అయినాక లాప్‌టాపు నాకినాడు, ఒక కొస నుంచి ఇంకొక కొసకి. తర్వాత ఎవురో వెనకనుంచి అదిలిస్తే, పెండ్లికొడుకు మాదిరి మెల్లిగా నడుచుకుంటా పోయి గీత దాటినాడు.

నేను తలొంచుకొని చున్నీతో కీబోర్డు మీద జొల్లు తుడుచుకుంటా ఉన్నాను. పక్కన ఎర్ర అంకెల్లో ఏం పడిందో చూడలేదు. పది సెకండ్లు అయిపోయినాయి. మొదటి మూడు పేర్లు దానంతటదే వచ్చేసినాయి. మైకు పట్టుకున్నాయన ఊపిరి కూడా తీసుకోకుండా చదివేసినాడు.

"మొదటి బహుమానం! అత్తిముగం మునిరాజు ఎద్దు! టైము... మైనస్... మైనస్ ఇరవై మూడు పాయింటు ఒకటి ఒకటి!"

చున్నీ వదిలేసి తలెత్తి చూసినాను, బోర్డు మీద అదే ఉంది.

అంతే, అత్తిముగం వాళ్ల పలకలు మొదలు! మా అన్న అంతదాకా తువ్వాల మొగానికి అడ్డం పెట్టుకొని కంచె మూల దాక్కున్నాడా? ఆ తువ్వాల తీసి తలకి చుట్టుకొని, సెవలోణ్ని పట్టుకొని ముందుకి వచ్చేసినాడు. సిగ్గు యాడికి పోయిందో!

"ఏందప్పా ఇది? నిలబడి రొట్టె తిన్న ఎద్దు మొదటిదా?" అని ఒకరు.

"మైనస్ అంటే తక్కువే కదా? తక్కువొచ్చినోడే కదా గెలిచేది? రూలు రూలే" అని అత్తిముగం పెద్దాయన ఒకరు.

ఇంకొక ముసలాయన సెవలోడికి దండమే పెట్టేసినాడు. విడవక ముందే చేరిందంటే దాంట్లో దేవుడుండాడంట!

ఇదంతా ఒక ఎత్తు, మా అత్త ఒక ఎత్తు. అరగంట ముందర నా భుజం తట్టిన చెయ్యి అది, ఇప్పుడు నడుం మీద ఉంది. "చూసినారా! పుట్టింటి మీద అంత ప్రేముంటే చీరా సారెలో చూపించుకోవాల. మా కరియ నోటికాడి బహుమానం ఎత్తి వాళ్లన్నకి ఇస్తాదా? రొట్టె పెట్టి మరీ గెలిపించింది!"

"అత్తా, రొట్టె పెడితే ఆగిపోయింది కదా, ఎట్ల గెలుస్తాది?"

"అదే నేనూ అడిగేది! ఎట్ల గెలిచింది?"

నాకు అప్పటికే అర్థమైపోయింది, ఎట్ల గెలిచిందో. బోర్డులో లెక్కకి ముప్పై రెండు గడులుంటాయి. జావాస్క్రిప్ట్ ఆ లెక్కని తీసుకునేటప్పుడు పై గడిని మైనస్ గుర్తు అనుకుంటాది. లెక్క రెండు వందల పద్నాలుగు కోట్లు దాటిందంటే ఆ పై గడి నిండుతాది. సెకండుకి ఆరు కోట్ల నలభై లక్షలంటే, ముప్పై మూడున్నర సెకండ్లు. అంతలోపల వచ్చిన ఎద్దుకి ఏమీ కాదు. అంతకంటే ఆలస్యమైతే టైము మైనస్, ముప్పై మూడున్నరకి రెట్టింపు, అంటే అరవై ఏడు, కలిపితేనే అసలు టైము! ఎనిమిది సెకండ్ల పందెంలో ముప్పై మూడు సెకండ్లు పట్టే ఎద్దు ఉంటాదని ఎవురనుకుంటారమ్మా?

బల్ల మీదికెక్కి చెప్పినాను. "అందరూ వినండి! అది తప్పు లెక్క కాదు, తిరగబడిన లెక్క! దానికి అరవై ఏడు పాయింటు ఒకటి ఒకటి కలిపితే నిజం టైము వస్తాది!"

మా అన్న కొమ్ములు విసిరే ఎద్దు మాదిరి వచ్చినాడు మీదికి. "ఏమ్మే! ఇరవై రెండు ఎద్దులకి ఏమీ కలపకుండా, మా ఎద్దుకి మాత్రం అరవై ఏడు కలుపుతావా? అత్తింటికి పోతే అన్నే కాకుండా పోయినాడా నీకు?"

మైకాయన న్యాయం చెప్పినాడు. "అట్లైతే అందరికీ అరవై ఏడు కలుపమ్మా. సమానంగా ఉంటాది."

అందరికీ కలపాలంట! నాకు తల బల్లకేసి కొట్టుకోవాలనిపించింది. ఈ పక్క పుట్టింటోళ్లకి నేను ద్రోహిని, ఆ పక్క అత్తింటోళ్లకి దొంగని. పది రోజులు కళ్లు గుంతలు పడేలా రాసినదానికి నాకు దొరికిన మర్యాద ఇది!

అప్పుడు మా మామ వచ్చినాడు. ఆయన అరవలేదు. అరిచుంటే బాగుండేది. "మిషను తప్పు చెప్పదన్నావు కదామ్మా? ఊరంతా నేను ఆ మాటే చెప్పినాను" అని, అంతే. ఇంతసేపూ ఉన్న కోపమంతా కరిగి కళ్లలోకి వచ్చేసింది. బహుమానం ఎవురికన్నా పోనీ, ఆ మనిషి మీసం కిందికి దిగిపోయింది చూడు, దాన్ని నేను చూడలేకపోయినాను.

ఏడుపు తుడుచుకుంటా ఉంటే పక్కన ఎవురో దగ్గినారు. నంజప్ప తాత. కుర్చీలోంచి లేచి మెల్లిగా వచ్చి బల్ల మీద ఒక క్యాలెండరు కాగితం పరిచినాడు. దాని వెనకాల పెన్సిలుతో, ఒకటి నుంచి ఇరవై మూడు దాకా, అన్ని ఎద్దుల టైములూ ఉన్నాయి.

"తాతా! ఇదేంది?"

"ఏం చేసేది తల్లీ, కుర్చీలో కూర్చోమన్నావు, కూర్చున్నాను. చెయ్యి ఊరకుండదు కదా. జేబులోనే నొక్కుకుంటా ఉన్నాను."

మైకాయన కాగితం తీసుకొని చదివినాడు. కరియ, ఎనిమిది పాయింటు ఒకటి. అందరికంటే ముందర. మిగతావన్నీ నా మిషను చెప్పిన వరసే. చివరిది సెవలోడు. "నలభై నాలుగు. దాంట్లో రొట్టెకీ, పెండ్లి నడకకీ నలభై ఒకటి" అని రాసుండాది.

ఊరు ఊరంతా నవ్వింది. మా అన్న కూడా నవ్వేసినాడు, ఏం చేస్తాడు మరి? నేను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టి చూసినాను. అరవై ఏడు పాయింటు ఒకటి ఒకటిలో ఇరవై మూడు పాయింటు ఒకటి ఒకటి తీసేస్తే? నలభై నాలుగు! సరిగ్గా నలభై నాలుగు!

"చూసినారా! చూసినారా! నేను చెప్పిందే! నా మిషను కరెక్టే!" అని ఎగిరినాను. ఒక్కరన్నా ఇటు చూస్తే కదా? అందరూ కరియ ఎనకాల పోయినారు. నంజప్ప తాత ఒక్కడే నా తల మీద చెయ్యి పెట్టి, "ఔను తల్లీ, నీ మిషను కూడా పరవాలేదు. నా క్లాకుతో సరిపోతా ఉంది" అన్నాడు.

ఎంత కడుపుమంటగా ఉంటాదో చెప్పండి! ఆరు కోట్ల నలభై లక్షల టిక్కులు, దారం కట్టిన క్లాకుతో సరిపోతా ఉందంట!

నిన్న మా లీడు ముందర కోడు పెట్టినాను. ఆయన కాఫీ తాగుతా తాగుతానే చూపించినాడు. జావాస్క్రిప్ట్ పక్క, ఆ లెక్క తీసుకునే చోట మూడు బాణం గుర్తులూ ఒక సున్నా. నాలుగక్షరాలు! అది పెట్టుంటే మైనస్ రాదు. "లేదా నేను చెప్పినట్ల జావాస్క్రిప్ట్‌తోనే వదిలేసుంటే అది కూడా అక్కర్లేదు" అని ఇంకొక గుటక తాగినాడు. నేను ఆయన వైపు ఎట్ల చూసినానంటే, ఆ కాఫీ చల్లారిపోయుండాల.

అయితే కథ ఈడ కూడా అయిపోలేదు. ఆదివారం సాయంత్రం కరియ గెలిచిన ఇత్తడి అండా మా ఇంటి గుమ్మంలో పెట్టి, మా మామ మళ్లీ మీసం తిప్పుకుంటా కూర్చున్నాడు. మా అన్న సెవలోణ్ని టెంపో ఎక్కించి, వచ్చి నాతో అన్నాడు. "రూపా, వచ్చే సంవత్సరం నువ్వు మిషనూ గిషనూ ఏమీ పెట్టుకోవద్దు. గీతకి అవతల రొట్టె పట్టుకొని నిలబడుకో, చాలు. సగం వీధి మూడు సెకండ్లలో వచ్చినాడు చూడు, నీకోసం ఆరు సెకండ్లలో గీత దాటతాడు."

లోపల్నించి మా అత్త బయటికి వచ్చేసింది. "అదెట్ల? మా ఇంటి కోడలు! రొట్టె పట్టుకుంటే మా కరియకి పట్టుకోవాల!"

"అది మా చెల్లెలు!"

"మా కోడలు!"

మధ్యాన్నం దొంగా ద్రోహీ అన్న నోర్లే ఇవి! ఇప్పుడు నాకోసం కొట్లాడుకుంటా ఉండాయి. నాకోసమా? నా రొట్టె కోసం! చివరికి మా మామ తీర్పు చెప్పినాడు. వచ్చే సంవత్సరం టైము నంజప్ప తాతే చూస్తాడు. కోడలు గీతకి అవతల నిలబడి, ముందు కరియకి ఒక రొట్టె, తర్వాత సెవలోడికి ఒక రొట్టె చూపించాల. రెండిళ్లూ ఒప్పేసుకున్నాయి. నన్ను ఎవురూ అడగలేదు.

సెవలోడంటే నా చేతి బిడ్డ, నన్ను చూసి పరిగెత్తుతాడు. కరియ ఎందుకు పరిగెత్తుతాడు? నన్ను చూస్తే మొగం తిప్పుకుంటాడు వాడు. అందుకని మా అత్త వాడికి నన్ను అలవాటు చేయిస్తా ఉంది. నిన్నట్నించి పొద్దున్నే లేచి, రొట్టెలు కాల్చి, నా చేత్తోనే వాడికి తినిపించి, అప్పుడు బస్సెక్కాల. బి.ఇ. చదివినాను, చిప్పు సొంత మాటలో దాంతో మాట్లాడినాను, ఇప్పుడు నా ఉద్యోగం ఇది.

ఏమంటివి పద్మా? నా డబ్బా ఖాళీగా ఉందా? ఉంటాది, ఉంటాది. ఈ పొద్దు నా రొట్టె కూడా కరియే తినేసినాడు. నీ కాడ ఇడ్లీ ఏమన్నా ఉంటే ఇట్లియ్యి.